ఎర్రదారం

"అత్తా, తొందరగా చెప్పు! మామ ఎటెళ్లాడు? పైన రాళ్ల పాయకా, కింద మడుగుకా?"

గాలింపుకు వచ్చిన రావిరి తడి బూట్లతోనే వంటింట్లోకి దూసుకొచ్చాడు. చేపలకు వెళ్లిన మా ఆయన ఇంకా తిరిగి రాలేదు. టోంగరిరో ఏరు గంటకు జానెడు చొప్పున పొంగుతోంది. వెతకడానికి ఉన్నది నలుగురే. రెండు వైపులా పోలేరు.

మా ఆయన ఈకలతో చేప ఎరలు కట్టే బల్ల దగ్గరికి పరిగెత్తాను. లోపల సీసం తీగ చుట్టిన ఎరకు ఎర్రదారం, సీసం లేనిదానికి నల్లదారం. మడుగు అడుక్కి దిగాలంటే సీసం ఉండాలి. లోతు లేని పాయలో అక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా ఆయన ఈ లెక్క తప్పింది లేదు.

పొద్దున కొత్తవి కట్టుకుని వెళ్లాడు. బల్ల మీద తెగిన దారం ముక్కలన్నీ నల్లవే.

"పైకే వెళ్లాడు. రాళ్ల పాయకే."

"ఖాయమేనా అత్తా?"

"ఆయనతో కాపురం చేసేది నువ్వా, నేనా? పోరా!"

బండి ఏటి పైకి దూసుకెళ్లింది. నేనూ బయల్దేరదామని కోటు తొడుక్కున్నాను. ఒక్కో గుండీ పెట్టుకుంటూ వచ్చాను. నాలుగో గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అది ఊడిపోతే నిన్న నేనే కుట్టాను. ఆయన రీలులో మిగిలిన ఎర్రదారమంతా దానికే అయిపోయింది. ఆయనకు చెప్పనేలేదు.

వంగి బల్ల కిందికి చూశాను.

నేల మీద, అప్పుడే కత్తిరించిన సీసం తీగ ముక్కలు తళతళా మెరుస్తున్నాయి.