ఆ వాల్వు ముట్టుకోవద్దు

“దాని మీద చెయ్యి వెయ్యకు బాబూ.”

ట్రెయిలర్ కిందికి సగం దూరిన మెకానిక్ అలాగే ఆగిపోయాడు. చేతిలో స్పానర్, పక్కన సంచిలో కొత్త వాల్వు. ఈ రకం ట్రెయిలర్ల ఎయిర్ బ్రేకుల్లో లోపముందని ఈమధ్యే తేలింది. బండి ఎక్కడుంటే అక్కడికే వెళ్లి వాల్వు ఊరికే మార్చి రమ్మని కంపెనీ అతన్ని పంపింది. ఊళ్లో మిగతావన్నీ అయిపోయాయి. ఈ చివరిది మార్చకుండా తనకు మొహం చూపించవద్దని సూపర్‌వైజర్ పొద్దున్నే ఖరాఖండీగా చెప్పాడు.

మెకానిక్ పాక్కుంటూ బయటికొచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు. పైసా ఇవ్వక్కర్లేదన్నాడు, చిటికెలో పనన్నాడు. డ్రైవరు భార్య వాకిట్లోంచి కదల్లేదు. ఆయన లేకుండా బండిని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదంది. ఆయనెప్పుడొస్తారంటే తెలియదంది. పోనీ ఫోన్ చేసి అడగమంటే, ఫోన్లో దొరకరంది.

డ్రైవర్లు ఫోన్లో దొరకడం కన్నా దేవుడు దొరకడం సులువని మెకానిక్‌కు తెలుసు. మొగుడు ఊ అనందే ఇంట్లో చీపురు కూడా జరపని ఇల్లాలు కాబోలు అనుకుని నిట్టూర్చాడు. కానీ బండి ఉన్నది ఏటవాలు జాగాలో. కింద రోడ్డు మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. చక్రాల కింద ఎవరో బండరాళ్లు పెట్టారు కాబట్టి సరిపోయింది. అడిగితే, తనూ తమ్ముడూ మోసుకొచ్చి పెట్టామంది. బండంటే అంత భయమున్న మనిషికి కొత్త వాల్వంటే ఏం నొప్పో అతనికి అంతుబట్టలేదు.

ఇక లాభం లేదని మెట్టు పక్కన చతికిలబడి, పసిపిల్లకు చెప్పినట్టు మొదలుపెట్టాడు.

“హ్యాండ్ బ్రేకు లాగితే ఈ వాల్వు గాలి వదిలెయ్యాలక్కా. గాలి పోతేనే చక్రాలు బిగుసుకుంటాయి. దీంట్లో ఏమవుతోందంటే, లోపలి రబ్బరు ఉబ్బి అతుక్కుపోతోంది. డ్రైవరుకేమో బ్రేకు పడ్డట్టే ఉంటుంది. దిగి టీ తాగొచ్చేలోపు బండి దానంతటదే కదిలిపోతుంది.”

ఆవిడ మెట్టు దిగి దగ్గరికొచ్చింది.

“సరిగ్గా లాగినా కదులుతుందా?”

“కదులుతుంది.”

“మనిషి మీదికెక్కితే తప్పెవరిది?”

“ఎవరిదేంటక్కా, వాల్వుదే. ఆగున్న బండి కదిలిందంటే డ్రైవరే బ్రేకు మర్చిపోయాడని మొన్నటిదాకా మేమూ అనేవాళ్లం. ఈ వాల్వులు విప్పి చూశాకే మాకూ కళ్లు తెరుచుకున్నాయి.”

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. హమ్మయ్య, ఇప్పటికి భయం పట్టుకుందనుకున్నాడు మెకానిక్. ఆవిడ గబగబా లోపలికెళ్లి తమ్ముణ్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇందాకటి మాటలే మొదటినుంచీ మళ్లీ చెప్పమంది. తమ్ముడు ఫోన్లో వీడియో తీస్తూ అతని మొహానికి ఎదురుగా పట్టుకుని, బావకు వినిపించాలన్నాడు.

మెకానిక్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ మొండిఘటం బావగారు కూడా విని దారికొస్తాడు కదా అని గొంతు సవరించుకున్నాడు. తన పేరు, కంపెనీ పేరు, రబ్బరు ఎలా ఉబ్బుతుందో, ఎందుకు ఉబ్బుతుందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. తమ్ముడు బండి కిందికి దూరి వాల్వుకు ఫొటోలు కూడా తీశాడు. కుర్రాడికి అక్కకన్నా ఎక్కువ బుద్ధుందని మెకానిక్ మెచ్చుకున్నాడు.

“ఇంక మార్చేయనా అక్కా?” అంటూ స్పానర్ అందుకున్నాడు.

“వద్దు బాబూ. అది అలాగే ఉండాలి.”

అతనికి ఒళ్లు మండిపోయింది. ఇంతసేపు చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది. స్పానర్ సంచిలోకి విసిరి, వెళ్లడానికి లేచినవాడల్లా ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

“మీ ఆయన ఊ అనేదాకా ఎవరి ప్రాణాలో పోవాలా అక్కా? ఇంతకీ ఆ మహానుభావుడు ఎక్కడున్నాడు?”

“జైల్లో,” అంది ఆవిడ, “హ్యాండ్ బ్రేకు వెయ్యలేదని.”