సాగర్ బస్సు ఎటు పోతుంది

“సర్వపిండి మైదాతోనే చేస్తరు గద, అక్కా?”

మెడకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన బుగ్గమ్మను అడిగాడు.

బుగ్గమ్మ జవాబు చెప్పే స్థితిలో లేదు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యితో పాటు మాట కూడా పడిపోయింది.

ఇబ్రహీంపట్నంలో నాగార్జునసాగర్ రోడ్డు పక్కనున్న ఫిజియోథెరపీ సెంటర్ వరండా అది. వంతు వచ్చేదాకా రోగులు అక్కడే పొద్దుటి ఎండలో కూర్చుంటారు.

తల్లిని నర్మద రోజూ ఆటోలో తీసుకొస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి చీర కుచ్చిళ్లు సర్ది, అదే ప్రశ్న అడుగుతుంది.

“అమ్మా, నా పేరేంది?”

బుగ్గమ్మ పెదవులు కదులుతాయి. మాట రాదు. కళ్లు పక్కకు తిప్పుకుంటుంది.

ఈ ఎండాకాలం దాటేలోగా మాట రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. తల్లి నోట ఒక్కసారి తన పేరు వింటే చాలు నర్మదకు.

అలాంటి మనిషి ముందు ఈయన క్విజ్ ప్రోగ్రాం పెట్టాడు. ఆయన పేరు సీమోను. భార్య మారెమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె లోపల ఉన్నంతసేపూ ఈయనకు బయట పనిలేదు.

ప్రశ్న తనే అడుగుతాడు, జవాబూ తనే చెబుతాడు. చెప్పిన ప్రతి జవాబూ తప్పే. సర్వపిండి చేసేది బియ్యప్పిండితో.

“బతుకమ్మ పాటకు చప్పట్లెందుకు కొడ్తరు అక్కా, తబల ఉండాలె గద?”

మర్నాడు పొద్దు పొడుపు సంగతి.

“పొద్దు ముందుగల మన పట్నంలనే పొడుస్తది. అటెన్క బెజవాడకు పోతది. అవ్ గద?”

ఆ గొంతు కూడా వినసొంపుగా ఉండదు. బొంగురుపోయి, మధ్యమధ్య ఆగిపోతుంది. ఇంత ఎండలో ఆ మఫ్లర్ ఒకటి.

బుగ్గమ్మ కనుబొమ్మలు ముడిపడేవి. మెడ నరాలు బిగిసేవి. ఎడమచేత్తో కుర్చీ పిడిని గట్టిగా పట్టుకునేది. అమ్మకు కోపం, ఆవేశం రానివ్వొద్దని, బీపీ పెరుగుతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు. నర్మద పళ్లు బిగించి ఊరుకుంది.

శనివారం నాడు ఆయన తన కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

“సాగర్ బస్సు ఏ తోవల పోతది అక్కా? కందుకూరు మీదికెల్లే గద?”

బుగ్గమ్మ ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది. ఒళ్లంతా వణికింది.

నర్మద ఇక ఆగలేకపోయింది.

“ఓ పెద్దాయనా, నీ నోరు జర మూసుకుంటవా? మాట పోయిన మనిషిని పట్టుకొని పరాచకాలా? నీకు దండం పెడ్త, మాతోని మాట్లాడకు.”

వరండాలో అందరూ తలలు తిప్పి చూశారు.

సీమోను కోపం తెచ్చుకోలేదు. మఫ్లర్ సర్దుకుని లేచాడు.

“మంచిది బిడ్డా. ఇగ నా గొంతు నీకు ఇనవడదు.”

అన్నమాట నిలబెట్టుకున్నాడు. సోమవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మారెమ్మ కూడా రాలేదు. పీడ విరగడైందనుకుంది నర్మద.

బుగ్గమ్మ మాత్రం ఆ కుర్చీ వైపే చూస్తూ కూర్చుంది. మర్నాడూ అంతే.

ఆ వారంలోనే ఒక పొద్దున, సెంటర్ ముందు నుంచి సాగర్ బస్సు వెళ్లింది. బుగ్గమ్మ దాని బోర్డు చూసింది. ఎడమచెయ్యి పైకి లేపింది.

“తప్పు,” అంది.

నర్మద చేతిలోని నీళ్ల సీసా కింద పడింది.

“కందుకూరు... కాదు. మన్నె... మన్నెగూడ.”

పెళ్లైన నాటి నుంచి మన్నెగూడ చౌరస్తాలో టిఫిన్ హోటల్ నడిపిన మనిషి ఆమె. సాగర్ బస్సులన్నీ ఆమె పొయ్యి ముందు నుంచే పోయేవి.

నర్మద తల్లి మోకాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. బుగ్గమ్మ ఖాళీ కుర్చీ వైపు చూపించింది.

“ఆయనేడే... నర్మదా?”

ఇన్ని నెలలుగా ఎదురుచూసిన పేరు వచ్చింది. ఆ పేరుతో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది.

నర్మద లోపలికి పరుగెత్తి, ఫిజియోథెరపీ చేసే వికాస్‌ను పట్టుకుంది.

“అన్నా, సీమోను ఎవరు? సాగర్ బస్సు ఎటు పోతదో గూడ ఎరుక లేని మనిషి...”

“ఎరుక లేకపోవుడేంది అక్కా? నౌకరి చేసినన్ని దినాలు సాగర్ బస్సు డ్రైవరే ఆయన. పొద్దుగాల మీ అమ్మ హోటల్లనే తినేటోడట, అంతమందిల అమ్మకు యాదికుండడన్నడు.”

“మరి కావాలని తప్పెందుకు చెప్పిండు?” అంది నర్మద.

“ఎవరన్న తప్పు మాట్లాడితె బుగ్గమ్మ ఊకునే మనిషి కాదు, జూస్తుండు అన్నడు. నీకు ముందే చెప్తె నువ్వు నవ్వుతవట, అమ్మకు ఆట అని తెలుస్తదట, ఇగ కోపం రాదట.”

“ఫోన్ నంబరియ్యన్నా. అమ్మతోని మాట్లాడిపిస్త. నేను గూడ కాళ్లు మొక్కి మాట్లాడ్త.”

వికాస్ తల దించుకున్నాడు.

“ఫోన్ ఎత్తుతడు, నువ్వు చెప్పేది ఇంటడు. తిరిగి మాట్లాడలేడక్కా. గొంతుల క్యాన్సర్. సోమవారం ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసిన్రు.”

“మరి అన్ని దినాలు అంతగనం...”

“ఎక్కువ మాట్లాడొద్దని డాక్టర్లు ఒకటే తీర్గ చెప్పిన్రు. నేను గూడ చెప్పిన. ఎట్లయినా పొయ్యే గొంతే గద, పోయే ముందు ఆ అక్కకన్న పనికొస్తె చాలన్నడు.”