అందరికీ ఒకే సలహా

కోడ్ రాసే పని యంత్రాలకు పోయాక, భౌతికశాస్త్రంలో ఏదో ఒక శాఖ పరీక్షలో మొదట నిలిచినవాళ్లకే, శాఖకొకటి చొప్పున, ఆఫీసులో కుర్చీ మిగిలింది. ఉపేంద్ర కాంతిశాస్త్రం రాసి, తప్పి, ఇంటికొచ్చి, ఫ్రిజ్ బాగుచేస్తున్న భార్య సత్యవేణి మీద విరుచుకుపడ్డాడు.

"ఊళ్లో డెవలపర్లందరూ కాంతిశాస్త్రమే రాశారు! ఉష్ణశాస్త్రం రాసింది ఒక్కరేనట, కుర్చీ కొట్టేశారు."

"నిన్ను కాంతిశాస్త్రం తీసుకోమని ఎవరు చెప్పారు?"

"యంత్రాన్నే అడిగా. అందరికీ అదే చెప్పిందట."

"నీ పని లాక్కున్నదాన్నే సలహా అడిగావా? పదేళ్లుగా ఈ ఫ్రిజ్‌ల్లో వేడి ఎటు పోతుందో చూస్తున్నా. నన్నొక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

"స్పానర్ తిప్పేదానివి, నీకేం తెలుసు?"

సత్యవేణి ఆఖరి నట్టు బిగించి, చేతులు తుడుచుకుంది.

"ఆ ఒక్కరూ నేనే. రేపట్నుంచి నా క్యారేజీ నువ్వు కట్టు."