నూట ఇరవై గ్రాములు

"తొమ్మిదికి పావు తక్కువ!"

గులాం మొహిద్దీన్ అరుపుకి వంటింట్లో ఉన్న కోడలు సాబిరా పరుగెత్తుకొచ్చింది. వరండా దూలానికి స్ప్రింగు కాటా వేలాడుతోంది. దాని కొక్కేనికి గోనెసంచి. సంచిలోంచి తల బయటపెట్టి చూస్తోంది సుల్తాన్, మేకపిల్లంత పర్షియా పిల్లి.

"నెల కిందట ఎనిమిది కిలోలే గదా! కిలోకి ముప్పై గ్రాముల లెక్కన రోజుకి రెండొందల నలభై, పూటకి నూట ఇరవై గ్రాముల మాంసం. అంతకు మించితే గుండె ఆగిపోద్దని డాక్టరు చెప్పలా?"

"చెప్పాడు మామా."

సుల్తాన్‌ని దించాడు. తక్కెడలో నూరు గ్రాముల రాయి, ఇరవై గ్రాముల రాయి వేసి, ఉడికించిన మాంసం తూచి గిన్నెలో పెట్టాడు. అది నిమిషంలో గిన్నె నాకేసింది.

"చూశావా? నా చేత్తో నేనే తూచి పెడతన్నా. మరెట్టా పెరిగింది?" వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాడు. కూర్చోలేకపోతున్నాడు. "చాటుగా నువ్వే పెడతన్నావు!"

"అల్లా సాక్షి మామా, దాని గిన్నె ముట్టుకోలా."

"అబద్ధం! దాని ప్రాణం తీసిందాకా ఊరుకోవా? ఇయ్యాలే గురజాల బస్సెక్కి మీ పుట్టింటికి పో!"

సాబిరా కళ్ళు నిండిపోయాయి. పెరట్లో బట్టలు ఉతుకుతున్న అత్త హజ్రా బీ తడిచేతులతోనే వచ్చి కోడలికి అడ్డంగా నిలబడింది.

"పిల్లనేమీ అనమాక. నేనే పెడతన్నా. ఆకలని అరుస్తుంటే మనసొప్పలా."

మొహిద్దీన్ తిరగడం ఆపేశాడు. "నువ్వా? ఇంక పెట్టమాక," అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. "నోరు జారా బిడ్డా. ఏడవమాక." వెళ్ళి పడక్కుర్చీలో వాలి రేడియో పెట్టాడు.

వంటింట్లోకి రాగానే సాబిరా అత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వెప్పుడు పెట్టావత్తా? చెయ్యని తప్పు మీదేసుకున్నావెందుకు?"

హజ్రా బీ గుమ్మం దాకా నడిచింది. వరండా వైపే చెవులు రిక్కించి నిలబడింది.

రేడియోలో పొద్దుటి వార్తలు ఇంకా పూర్తి కాలేదు.

"సాబిరా!" మొహిద్దీన్ కేకేశాడు. "ఇంత పొద్దెక్కినా సుల్తాన్‌కి ఏమీ పెట్టలేదేందమ్మా? ఆ తక్కెడ ఇట్టా పట్రా."