లకుముకిపిట్ట బాట

ఏటి అవతలి అడవిని ఏలే పులికి ఇవతలి అడవిలో ఒక నక్క రాయబారిగా ఉండేది. అవతలే పుట్టిన లకుముకిపిట్ట ఒకటి తన ఘోరాలను నలుగురికీ చెబుతోందని పులి దాన్ని చంపించింది. అది విని ఇవతలి జంతువులన్నీ కూడి, నక్క గుహకు వెళ్లే బాటకు ఆ పిట్ట పేరు పెడదామనుకున్నాయి.

నక్కకు ఒళ్లు మండింది. "పేరు పెడితే చచ్చిన పిట్ట లేచొస్తుందా?" అంది.

"రాదు నాయనా," అంది ముసలి తాబేలు. పేరు మాత్రం పెట్టేశాయి.

నెల తిరక్కుండా పులి చుట్టపుచూపుగా ఏరు దాటింది. దారి తెలియక గట్టు మీదే నిలబడి కేకేసింది.

"ఒరే నక్కా, నీ గుహకు ఎటు రావాలిరా?"

ఇంకో బాట ఉంటే బాగుండునని నక్క అటూ ఇటూ చూసింది. లేదు.

"లకుముకిపిట్ట బాట పట్టుకుని రండి దొరా," అంది తలొంచుకుని.