పచ్చమూత డబ్బా

"దీన్నెవరూ ముట్టుకోవద్దు," అంది లవాన్, ఫ్రీజర్ తలుపుకి వీపు ఆనించి నిలబడి.

"ఫ్రిజ్ చచ్చిపోయిందమ్మా," అన్నాడు మెకానిక్ రూబెన్. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమె మొగుడు డోయల్‌ని పాతిపెట్టి ఇంకా నెల తిరగలేదు. "అంటే... కంప్రెసర్ పోయింది. బాగుచేద్దామంటే ఈ మోడల్‌కి సామాను రావడం లేదు. కొత్తది పెట్టాల్సిందే."

"కొత్తదెలా ఎక్కిస్తావోయ్?" బయటి నుంచి అరిచాడు పక్క బండి హోలిస్. "ఈ గుమ్మంలోంచి నేనే పక్కకి తిరిగి దూరాలి!"

ఆ మాటా నిజమే. చక్రాల మీది ఇల్లు అది. లోపల ఉన్నదేమో మామూలు ఇళ్లలో వాడే నిలువెత్తు ఫ్రిజ్.

"ఫ్యాక్టరీలో గోడలు బిగించకముందే ఫ్రిజ్ పెట్టేస్తారు సార్. ఇప్పుడు కిటికీ ఊడదీసి దింపాలి. అదే దారి."

హోలిస్ భార్య డార్లా ఐసు పెట్టెలు రెండు మోసుకుంటూ లోపలికొచ్చింది. చెరువు పక్కన ఇలాంటి బండి ఇళ్లు నిలుపుకునే ఆ పార్కులో ఎవరి ఫ్రిజ్ పాడైనా వాళ్ల సరుకు పక్క బళ్లలోకి చేరాల్సిందే, అది అక్కడి పద్ధతి.

"జరుగు తల్లీ. ఈ టెక్సస్ ఎండకి మాంసమంతా నీరైపోతుంది. రేపు ఒక్కటీ పోకుండా తెచ్చిస్తాగా."

లవాన్ జరగలేదు. ఫ్రీజర్ వెనక మూలన ఒక పచ్చమూత డబ్బా ఉంది. డోయల్ చివరిసారి వండిన కూర అందులో ఉంది. కోడి కార్జం, ఘాటు చీజు, వెల్లుల్లి, గుప్పెడు మిరపకాయలు వేసి గుజ్జయ్యేదాకా ఉడికించేవాడు. ఆ కంపుకి ఆమె ముక్కు మూసుకుని బయట కూర్చునేది. "చేపలు కూడా ముట్టవయ్యా దీన్ని," అనేది, వండిన ప్రతిసారీ. ఆ మాటకి రోషమొచ్చి, మిగిలిన కూరని కావాలనే, చేపల వేటకి ఎర పట్టుకెళ్లే ఖాళీ డబ్బాలోకి తోడి దాచేవాడు. ఆమె దాన్ని ఏనాడూ నాలుక చివరకైనా తగిలించి ఎరగదు. కానీ ఆ మనిషి చేత్తో చేసినది ఇప్పుడు లోకంలో అదొక్కటే మిగిలింది.

'అది డోయల్ కూర, జాగ్రత్త' అంటే సరిపోయేది. ఆ పేరు నోట్లోంచి వస్తే దాని వెనకాల ఇంకేం తన్నుకొస్తుందోనని భయం వేసింది. అంత్యక్రియల నాడు కూడా ఆమె కంట్లో చుక్క నీరు రాలేదు. పార్కులో కొందరు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకుంది. ఏదీ అనిపించడం లేదు, అంతే.

డార్లా భుజం పట్టుకుని మెల్లగా పక్కకి తప్పిస్తే తప్పుకుంది.

కిటికీ ఊడింది. దాని కింద ఉన్న డోయల్ పడక కుర్చీ అడ్డమొస్తే, తీసి బయట పందిరి నీడలో పడేశారు. పాత ఫ్రిజ్ చెక్కల మీదుగా జారి గడ్డిలోకి దిగింది. మధ్యాహ్నానికల్లా కొత్తది అదే దారిన లోపలికి వచ్చింది. ఎవరెవరో కేకలేశారు, నవ్వారు, చెమటలు తుడుచుకున్నారు. లవాన్ ఎవరి ఇంటి పనో చూస్తున్నట్టు చూసింది.

మర్నాడు ఫ్రిజ్ చల్లబడ్డాక డార్లా సరుకంతా తెచ్చి సర్దింది. లవాన్ ఒక్కో అర వెతికింది. పచ్చమూత కనిపించలేదు. సర్దినవన్నీ మళ్లీ బయటికి తీసి చూసింది.

"ఆ డబ్బా ఏది డార్లా? పచ్చమూతది?"

"ఆ ఎర డబ్బానా? నా ఐస్‌క్రీమ్ పక్కన పురుగులు పెట్టుకోమంటావా ఏంటి! తీసుకుపో మహానుభావా అని హోలిస్‌కిచ్చేశా."

అప్పుడే హోలిస్ పళ్లెంతో వచ్చాడు. మొక్కజొన్న పిండి అద్ది వేయించిన జెల్ల చేపలు, ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"నీకోసమే లవాన్. డోయల్ చలవే ఇది. మూత తీశానా, ఆ కంపుకి కళ్లమ్మట నీళ్లే! జెల్లలకి అలాంటి ఎరే కావాలి. ఎవడి ఎర వాడు చాటుగా కలుపుకునే చెరువు ఇది, డోయల్ ఎర నాకు దక్కడమంటే మాటలా? పాడైపోతుందని పొద్దున్నే పట్టుకెళ్లా."

"అంతా వేసేశావా?"

"అడుగు గీకి మరీ."

లవాన్ బయటికి నడిచి పందిరి కింద కూలబడింది.   పళ్లెంతో వెనకే వచ్చిన మొగుడి వంక డార్లా చూసింది, మొగుడు డార్లా వంక చూశాడు. చేసిన తప్పేమిటో ఇద్దరికీ అంతుపట్టలేదు.

లవాన్ పళ్లెంలోని చేపల వంక చూసింది.

"ముట్టాయా?"

"ముట్టడమేంటి, ఎగబడ్డాయి! ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నా జన్మలో చూళ్లేదు. అందులో ఏం కలిపేవాడో నాకొక్కడికీ చెప్పు లవాన్, చచ్చినా బయటపెట్టను."

ఆమె పళ్లెం ఒళ్లోకి తీసుకుని, చేప తుంచి నోట్లో పెట్టుకుని, ఎదురుగా నీడలో ఉన్న పడక కుర్చీ వైపు తిరిగింది. కన్నీళ్లు జలజలా పళ్లెంలోకి రాలాయి.

"చేపలు ముట్టాయట డోయల్," అంది. "నువ్వే గెలిచావు."