నూకాలుని చూడవచ్చినవాళ్ళు

“గేస్ కట్టర్ పట్టుకుని ఎవడొత్తాడో రమ్మను. ముందు నన్ను కొయ్యమను, తర్వాత నూకాల్ని కొయ్యమను!”

ఎల్లారావు కేకకి షెడ్డు రేకుల మీది కాకులు లేచిపోయాయి. కబురు మోసుకొచ్చిన ఫిట్టర్ మొహియుద్దీన్ మాత్రం కదల్లేదు. అతనికి ఈ కేకలు అలవాటే.

నూకాలు మనిషి కాదు. పోర్టులో పాత ఆవిరి క్రేను. హార్బరు కట్టిన రోజుల్లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చింది. ఎల్లారావు తండ్రి దానికి బొగ్గు వేశాడు. ఎల్లారావు దాన్ని నడిపాడు. ఔటర్ హార్బరులో కొత్త కరెంటు క్రేన్లు దిగాక నూకాలు షెడ్డు పక్కన మూల కూర్చుంది. అయినా ఎల్లారావు తన ఊరు పద్మనాభం నుంచి మొదటి బస్సుకి వచ్చి, డ్యూటీ ఎక్కేముందు దానికి నూనె రాసి తుడిచేవాడు. దసరాకి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. “నన్నెప్పుడైనా అలా సూసావేటి?” అని ఇంట్లో పెళ్ళాం రామలక్ష్మమ్మ దెప్పేది.

ఇంగ్లండోడు బిగించిన బోల్టు ఒక్కటి కూడా మార్చలేదని కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాడు. అది నిజం కూడా. ఒక బోల్టు మార్చబోయిన ఫిట్టర్‌తో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఆ ఫిట్టర్ మొహియుద్దీనే.

“నిజం బావా. ఆఫీసులో అనుకుంటన్నారు. తుక్కు కొనే పార్టీ ఈ వారంలోనే వత్తాదట. నచ్చితే అక్కడికక్కడే బేరం.”

“నచ్చితేనే కదా!” ఎల్లారావు గడ్డం గోక్కున్నాడు. “నచ్చకుండా సేత్తే?”

గురువారం పొద్దున ప్యూను ఇద్దరిని తీసుకొచ్చి దిగబెట్టాడు. “ఇంజనీరు గారికి మీటింగట. ఈళ్ళకి క్రేను సూపించమన్నారు” అనేసి వెళ్ళిపోయాడు. సఫారీ సూట్లు. హిందీ. ఒకాయన చేతిలో చిన్న సుత్తి, పెద్దాయన దగ్గర టేపూ కెమెరా. ఎల్లారావుకి కడుపు మండిపోయింది. కోసేముందు కొలతలు కూడానా!

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఎల్లారావు నోరు తెరవనివ్వలేదు.

“మొహియుద్దీనూ, నాను సెప్పింది సెప్పినట్టు హిందీలో సెప్పీ. ఈ సక్రాలు దీనివి కావు. పాత రైలుపెట్టివి.”

మొహియుద్దీన్ చెప్పాడు. ఆ రైలు ఒకసారి పట్టాలు తప్పిందని తనవంతుగా చేర్చాడు.

పెద్దాయన నూకాలు నడుం మీది ఇత్తడి పలకని జేబురుమాలుతో తుడిచాడు. ఇంగ్లీషు అక్షరాల్ని వేలితో తడుముతూ మురిసిపోయాడు. ఇత్తడి కదా, మురవడా అనుకున్నాడు ఎల్లారావు.

“అది పాతూళ్ళో బిందెల కొట్టులో సేయించాం. పైనే ఇత్తడి, లోపలంతా రేకు.”

ఆయన మొహం వాడిపోయింది.

“బాయిలరు?”

“మునిగిపోయిన టగ్గు పడవది.”

“మరి కొక్కెం?”

“ఫిషింగ్ హార్బర్లో సేపల బోటు లంగరు వంచీసి తగిలించాం.”

సుత్తి ఆయన ఓ బోల్టు మీద టంగుమని కొట్టాడు. ఆ దెబ్బ ఎల్లారావుకే తగిలినట్టయింది. అయినా నవ్వు తెచ్చుకున్నాడు.

“బోల్టులా? ఏడాదికోసారి మార్సెత్తాం. ఇంగ్లండుది ఇందులో ఒక్క ముక్క లేదు బాబూ. రంగొక్కటే అసలుది. అదీ కిందటేడు మార్సీసాం.”

అనడమైతే అన్నాడు గానీ, కన్నతల్లిని చూపించి ఈవిడెవరో తెలీదన్నంత పాపం చేసినట్టు అనిపించింది.

పెద్దాయన నిజమేనా అని మళ్ళీ అడిగాడు. మొహియుద్దీన్ ‘అల్లా మీద ఒట్టు’ అనబోయి, మనసొప్పక, దగ్గి ఊరుకున్నాడు. ఎల్లారావే బుర్ర ఊపాడు. వాళ్ళిద్దరూ కాసేపు గుసగుసలాడుకున్నారు. కెమెరా సంచిలోకి వెళ్ళిపోయింది. జీపెక్కుతూ పెద్దాయన నూకాలు వంక ఒకసారి తిరిగి చూసి నిట్టూర్చాడు.

“బేరం పోయిందని ఏడుపు సూడు!” అన్నాడు ఎల్లారావు.

జీపు గేటు దాటగానే మొహియుద్దీన్‌ని ఎత్తి గిరగిరా తిప్పాడు. కేంటీన్ నుంచి అందరికీ జిలేబీ తెప్పించాడు. చక్రం దగ్గర ఒకటి పెట్టి, “తప్పయిపోనాది తల్లీ, నీ పేణం కోసమే అబద్దమాడినాను” అని దణ్ణం పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంజనీరు కబురంపాడు. ఎల్లారావు మీసం మెలేసుకుంటూ వెళ్ళాడు. మెచ్చుకోడానికే పిలిచాడనుకున్నాడు.

ఇంజనీరు తల పట్టుకుని కూర్చున్నాడు.

“తుక్కువాళ్ళు రేపొస్తున్నారయ్యా, ఈలోగా మన నూకాలుని దేశపు వారసత్వంగా గుర్తించి కలకాలం కాపాడతారని నేను బతిమాలి ఢిల్లీ నుంచి రప్పించుకున్న ఆ పెద్దమనుషులిద్దరూ, ఇందులో అసలుది ఒక్క ముక్కా లేదట కదా అని మధ్యాహ్నం బండికే వెళ్ళిపోయారు!”